పెళ్ళయ్యాక మొదలయ్యే ప్రేమకథ రాయాలంటే

ముక్కూ మొహం తెలియని ఇద్దరికి పెద్దవాళ్ళు పెళ్ళి కుదర్చాలి. చదివేవాళ్ళు నవ్వుకోవాలి. ఇంట్లో ప్రార్థన ఉండాలి, కథలో ప్రేమ ఉండాలి. ఇలాంటి నవల రాయాలని ఉంది గాని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదమ్మగారూ అని మా స్త్రీల సమాజంలో పిల్లలు నన్ను అడుగుతుంటారు. నేను పాస్టరమ్మని. లూథరన్ సంఘం, గుంటూరు వైపు. మా అయ్యగారికి ఏ ఊరు బదిలీ అయినా ఆ ఊరి సంబంధాలు మా వరండాలోనే మాట్లాడుకునేవారు. ఆయన లోపల ప్రార్థన చేస్తుంటే నేను టీ పెడుతూ విన్నవన్నీ పేర్లూ ఊళ్ళూ మార్చి సీరియళ్ళుగా రాశాను. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

అన్నిటికంటే ముందు మాట: పెళ్ళిని కథ చివర పెట్టకండి. చాలామంది అక్కడే దెబ్బతింటారు. పెళ్ళిచూపుల నుంచి తాళి దాకా ఇరవై భాగాలు లాగి, ఇద్దరూ కారెక్కగానే 'సమాప్తం' అంటారు. అసలు కథ ఆ కారు దిగాకే కదా! ముప్పై భాగాల సీరియల్ అనుకుంటే ఎనిమిదో భాగం దాటకుండా పెళ్ళి చేసేయండి. మిగతా ఇరవై రెండూ ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు కొత్తవాళ్ళవి.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. బైబిల్లో ఆదికాండం 24వ అధ్యాయం తీయండి. భక్తిగా తర్వాత చదువుకుందురు గాని, ముందు కథలా చదవండి. అబ్రాహాము దాసుడు పది ఒంటెలతో బయల్దేరి బావి దగ్గర ఆగుతాడు. నీళ్ళడిగితే నాకే కాకుండా నా ఒంటెలకు కూడా పోస్తానన్న పిల్లే మా చిన్నయ్యగారు ఇస్సాకుకి భార్య అని గుర్తు పెట్టుకుంటాడు. ఎడారి దాటొచ్చిన ఒంటెలు, అవీ పది! ఆ పిల్ల, రిబ్కా, కడవతో పరుగులు పెట్టి తోడుతుంటే ఈ పెద్దమనిషి నోరు మెదపకుండా చూస్తూ నిలబడతాడు. ఒక చెయ్యి వేయొచ్చుగా అనిపిస్తుంది నాకు. తర్వాత అన్న లాబాను వస్తాడు. చెల్లెలి ముక్కుకమ్మీ, చేతి కడియాలూ చూశాక గాని ఆయనకు 'లోపలికి రండి' అనే మర్యాద గుర్తురాదు. ఇలాంటి బావమరిది లేని పెళ్ళి నేనైతే చూడలేదు. పిల్లను అడిగితే 'వెళ్లెదను' అని ఒక్క మాట అంటుంది. ఇక చివరి వచనంలో వరస గమనించండి. ఆమె అతనికి భార్య అయింది, అతడు ఆమెను ప్రేమించాడు. పెళ్ళి ముందు, ప్రేమ తర్వాత. మీ నవలకు ప్లాన్ అదే.

బయోడేటాతో మొదలుపెట్టండి

కాగితం మీద నిలువుగా గీత గీయండి. ఎడమవైపు బయోడేటాలో రాసింది, కుడివైపు నిజం. అమ్మాయి బయోడేటాలో 'సంఘ క్వయర్‌లో పాడును' అని ఉంటుంది. నిజమేంటంటే వెనక వరసలో నిలబడి పెదాలు కదుపుతుంది. అబ్బాయి బయోడేటాలో 'వంట తెలియును'. నిజం, కోడిగుడ్డు అట్టు. 'ప్రశాంత స్వభావం' అని రాసినవాడు క్రికెట్ చూస్తూ టీవీని తిడతాడు. ఇద్దరికీ చెరో ఏడెనిమిది రాసుకుంటే, ఎడమ గడిలోంచి కుడి గడిలోకి ఎవరు ఎప్పుడు తొంగిచూస్తారన్నదే మీ ఇరవై రెండు భాగాల కథ. విలన్ అక్కర్లేదు. ఆఫీసులో పాత ప్రియురాలు, ఆస్తి కాజేసే బాబాయి, వీళ్ళెవరూ వద్దు. మొహమాటం చాలు. మంచం ఏ వైపు పడుకోవాలో అడగలేక ఇద్దరూ చెరో అంచున పడుకుని తెల్లారేదాకా దుప్పటి లేకుండా వణికితే, దాన్ని మించిన విలన్ ఎవడు?

అబ్బాయికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇవ్వకండి, దయచేసి. అందరూ అదే రాస్తున్నారు. నా సలహా ఇదీ: పిల్ల రేపల్లె లూథరన్ల అమ్మాయి, నర్సు. పిల్లాడు ఒంగోలు బాప్టిస్టుల అబ్బాయి, రైల్వేలో సిగ్నల్ పని, కాపురం గుంతకల్ క్వార్టర్స్‌లో. ఇప్పుడు చూడండి ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో. ఊరు ఇద్దరిదీ కాదు. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ చూసి ఆ పిల్ల 'మరమరాలతో ఉప్మా ఏంటండీ' అంటుంది, వారం తిరిగేసరికి తనే పొట్లం కట్టించుకొస్తుంది. అటువైపు సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం వాళ్ళ గుళ్ళు, రాయలసీమ డయాసిస్. అంటే ఆమె సంఘమూ కాదు, అతని సంఘమూ కాదు. మొదటి ఆదివారం గుడిలో ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో ఇద్దరికీ తెలియక ఒకరిని చూసి ఒకరు లేచి, ఒకరిని చూసి ఒకరు కూర్చుంటారు. ఆయనకు నైట్ డ్యూటీ, ఆమెకూ నైట్ డ్యూటీ, అవి ఒకే వారం పడవు. ఒకరు తాళం తీస్తుంటే ఇంకొకరు చెప్పులేసుకుంటారు. అప్పుడు మాటలెలా? రోజుకో వాక్యం ఉండే గోడ క్యాలెండర్ వెనక్కి తిప్పి పెన్సిల్‌తో రాసుకుంటారు. 'పాలు విరిగాయి.' 'తెచ్చాను.' 'థాంక్సండీ.' ఆ 'అండీ' ఏ రోజు పడిపోయిందో పాఠకులే పట్టుకుంటారు, మీరు చెప్పక్కర్లేదు.

ఒక భాగం మొత్తం రైలుకి ఇవ్వొచ్చు. పెళ్ళయ్యాక గుంటూరు నుంచి గుంతకల్‌కి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్, గిద్దలూరు, నంద్యాల మీదుగా వెళ్తారు. గిద్దలూరు దాటాక నల్లమల, సొరంగాలు. పచ్చళ్ళ జాడీలు సీటు కింద, మాటల్లేని మొగుడు కిటికీ దగ్గర. చీకట్లో బండి సొరంగంలోకి దూరగానే ఆమె జాడీ మూత ఊడిందేమోనని చెయ్యి చాపుతుంది, అతనూ చాపుతాడు. అంతకుమించి ఏమీ జరగనివ్వకండి. అది పదకొండో భాగం, తొందరెందుకు?

పేర్లకు కూడా వయసుంటుంది. తాతలు దేవసహాయం, సంతోషమ్మ. అమ్మానాన్నలు ప్రభుదాసు, రత్నకుమారి. పిల్లలు షారోన్, జాషువా, బ్లెస్సీ. అరవై ఏళ్ళ అత్తగారికి జెస్సికా అని పెడితే చదివేవాళ్ళు మొదటి పేజీలోనే మిమ్మల్ని నమ్మడం మానేస్తారు.

పెళ్ళిచూపులు

ఇక్కడ ఒక్కటే మంచి సన్నివేశం చాలు. మన పెళ్ళిచూపులు ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తాయి, మధ్యలో పిల్ల చేత కీర్తన పాడిస్తారు, మిక్చర్ తింటారు. మొదటి ప్రార్థన సంఘ పెద్ద చేస్తాడు, అది పొడుగు. ఆయన ఆదాము దగ్గర మొదలుపెట్టి ఇంకా నోవహు దాకా రాలేదు. మన పెళ్ళికూతురు షారోన్ ఉండబట్టలేక ఒక కన్ను తెరుస్తుంది. అందరూ తలలు వంచుకున్నారు. పెళ్ళికొడుకు మాత్రం కుర్చీలోంచి సగం లేచి, టీపాయ్ అంచున ఉన్న టీ గ్లాసుని రెండు వేళ్ళతో లోపలికి జరుపుతున్నాడు. ఎందుకంటే దాని కింద ఆమె అక్క కొడుకు బొమ్మ కారు తోలుతున్నాడు. జరిపి, చప్పుడు కాకుండా కూర్చుని, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆమె చూసిన సంగతి అతనికి తెలియదు.

ఈ ముక్క ఆమె ఎవరికీ చెప్పకూడదు. 'అబ్బాయి నచ్చాడా' అని వాళ్ళమ్మ అడిగితే 'మీ ఇష్టం' అనాలి. ఇరవయ్యో భాగంలో, బాగా పోట్లాడుకున్నాక, 'ఆ రోజు టీ గ్లాసు జరిపారు చూడండి...' అని బయటపెట్టాలి. కథలో గుట్టు ఒకటి ఉండాలి, అది మంచిదై ఉండాలి. చెడ్డ గుట్టులు సీరియళ్ళలో కావలసినన్ని ఉన్నాయి.

ప్రకటనలు, చట్టం, క్యాలెండర్

ప్రధానానికీ (అంటే నిశ్చితార్థానికీ) పెళ్ళికీ మధ్య ఉండే రోజుల్ని చాలామంది రెండు పేరాల్లో దాటేస్తారు. అది బంగారం లాంటి చోటు. మా సంఘాల్లో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. మూడు ఆదివారాలంటే మూడు చిన్న గండాలు. రెండో ఆదివారం చదవగానే వెనక బల్లలోంచి ఒక ముసలాయన లేచి నిలబడతాడు. గుడంతా ఊపిరి బిగబడుతుంది. పెళ్ళికూతురి తండ్రికి చెమటలు. 'ఇంటిపేరు తప్పు చదివారయ్యగారూ' అని ఆయన కూర్చుంటాడు.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఒకసారి చూసుకోండి. పెళ్ళి ఉదయం 6 గంటల నుంచి సాయంత్రం 7 గంటల లోపు జరగాలని 10వ సెక్షన్ చెబుతుంది, ప్రత్యేక అనుమతి ఉంటే వేరే సంగతి. పాదిరిగారు కాకుండా ఇద్దరు సాక్షులు ఉండాలి. చట్టాన్ని అక్షరాలా పట్టుకునే పాస్టరు ఒకరు మీ కథలో ఉంటే, పెళ్ళి సాయంత్రం 5 గంటలకు పెట్టి, పెళ్ళికొడుకు బస్సుని చీరాల దగ్గర పంక్చర్ చేయించండి. ఆయన నిమిషానికోసారి వాచీ చూస్తుంటే పేజీలు వాటంతటవే తిరుగుతాయి.

కాలం కూడా చూసుకోవాలి. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమకాలంలో మా వైపు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. ఈస్టరు ఏటా మారుతుంది కాబట్టి మీ కథ ఏ ఏడాదిలో నడుస్తోందో తేల్చుకుని క్యాలెండర్ ముందు పెట్టుకోండి. నాకు బాగా నచ్చిన ఏడాది 2024. ఆ సంవత్సరం శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 14న పడింది. 2018లోనూ అంతే. జనవరిలో పెళ్ళయిన జంటకు మొదటి ప్రేమికుల రోజు ఉపవాసం, సాయంత్రం గుడిలో ఆరాధన! అతను రహస్యంగా తెచ్చిన కేకు ఫ్రిజ్‌లో, ఇంట్లో అత్తగారు, గడియారంలో ఇంకా నాలుగే. నేనైతే దీనికి రెండు భాగాలు ఇస్తాను.

పెళ్ళి ప్రసంగంలో బైబిల్లోని ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం తప్పదు. దాన్ని మళ్ళీ మళ్ళీ రాయకండి, వినేవాళ్ళ మొహాలు రాయండి. 22వ వచనం, భార్యలు లోబడాలన్న చోట, మగపెళ్ళివారి తలలన్నీ ఊగుతాయి. 25వ వచనం, భర్తలు ప్రేమించాలన్న చోట, అవే తలలు ఫ్యాన్ వైపు చూస్తాయి. గుడిలో కూర్చుని చూసిన దాన్ని, ఊహించి చెప్పడం లేదు.

ఇద్దరు నాయనమ్మలు

సంఘాల మధ్య తేడాలు హాస్యానికి పెద్ద గని, కాని జాగ్రత్త. ఎవరి నమ్మకాన్నీ ఎగతాళి చేయకండి, ఎవరి గొప్పల్నైనా చేయొచ్చు. బాప్టిస్టుల నాయనమ్మ, లూథరన్ల నాయనమ్మ పెళ్ళి పందిట్లో పక్కపక్కన కూర్చున్నారు. లూథరన్ల ఆవిడ 'మా గుంటూరుకి మిషనరీ హయ్యరు దొరగారు 1842లోనే వచ్చారు' అంటుంది. బాప్టిస్టుల ఆవిడ 'వస్తే వచ్చారు, 1878లో మా గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అందులో మా తాతగారు ఒకరు' అంటుంది. లూథరన్ల ఆవిడ ఊరుకుంటుందా? 'అంతమందిని ముంచితే మీ తాతగారు ఎంతో వారు?' ఇక ఆ మధ్యాహ్నమంతా బాప్టిస్టుల ఆవిడ ఆ నెంబరు కోసం వెతుకుతూనే ఉంటుంది. నవ్వు ముసలమ్మల పంతం మీద పడింది, బాప్తిస్మం మీద పడలేదు. గీత అక్కడ.

నగలు పెట్టుకోని సంఘాలు, తాళి కట్టని సంఘాలు, చంటిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు, పెద్దయ్యాకే అనేవాళ్ళు, వీటిలో మీ రెండు కుటుంబాలకు సరిపోయే తేడా ఒక్కటి తీసుకుని చివరిదాకా నడపండి. అన్నీ పెడితే నవల సిద్ధాంత పాఠమైపోతుంది.

కట్నం, కులం ఊసెత్తకుండా రాసిన క్రైస్తవ పెళ్ళి నవలను నేను నమ్మను. 'క్రైస్తవులమండీ, కులమేంటి' అని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి 'ఇంతకీ మీరేవిట్లు?' అని అడిగే పెద్దమనుషులు ఎంతమంది! సరదా కథ కాబట్టి ఉపన్యాసం వద్దు, ఆ వెనక్కి తిరగడం ఒక్కటి రాయండి చాలు. కట్నం మాట వచ్చినప్పుడు షారోన్ చేత రిబ్కా ఇంటి సంగతి అడిగించండి. అక్కడ వెండి బంగారాలు పెళ్ళికూతురికీ, విలువైన వస్తువులు ఆమె అన్నకూ అమ్మకూ వచ్చాయి గాని వాళ్ళింట్లోంచి అడిగి తీసుకోలేదు. పిల్ల అమాయకంగా అడగాలి. కాబోయే మామగారి దగ్గు వినిపించాలి.

కుటుంబ ప్రార్థన

నవల మొత్తంలో నాకు ఇష్టమైన చోటు ఇది. నేరుగా చెప్పుకోలేని ఇద్దరు రోజూ రాత్రి చాప మీద కూర్చుని వంతులవారీగా దేవుడితో మాట్లాడతారు. ఇంకొకరు వింటూనే ఉంటారు. వాడుకోండి.

'ప్రభువా, ఈ దినమంతా మమ్మల్ని కాచావు, నీకు స్తోత్రం. ఈ ఇంట్లో తడి తువ్వాలు మంచం మీద వేసేవారికి మంచి బుద్ధి దయచేయి తండ్రీ.'

చిన్న నిశ్శబ్దం. అతని వంతు.

'తండ్రీ, నీ దాసురాలి ప్రార్థన విన్నాను... విన్నావు. చెప్పదలుచుకుంది మనిషితోనే చెప్పే ధైర్యం ఆమెకు ఇవ్వు. సాంబారులో ఉప్పు విషయం నేను ఇదివరకే నీకు మనవి చేసుకున్నాను.'

పక్కనే అత్తగారు కూర్చుని ఉంటే ఇంకా మంచిది. ఆ తువ్వాలు తనదే అనుకుని పొద్దున్నే లేచి దండెం మీద ఆరేస్తుంది, 'నాతో చెబితే సరిపోయేది కదమ్మా, దేవుడి దాకా ఎందుకు' అంటుంది. షారోన్‌కి భూమిలోకి కుంగిపోవాలనిపిస్తుంది. ఆయన మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతాడు. ఆమె అతను నవ్వడం చూసింది అదే మొదటిసారి అని ఒక్క వాక్యం రాయండి.

ఇదే ప్రార్థనను కథ చివర్లో బరువుకి వాడుకోవచ్చు. అతని తండ్రికి గుండెపోటు వచ్చిన రాత్రి అతనికి మాట రాదు. వంతు అతనిదే. చాలాసేపు చూసి ఆమె అతని వంతు కూడా తనే చేస్తుంది. అతను రోజూ చేసే ప్రార్థన, ఉప్పు మనవితో సహా, ఆమెకు కంఠతా వచ్చేసి ఉంటుంది. భక్తి నవలలో ఉండాల్సింది ఇలా. హీరో చేత అర పేజీ ప్రసంగం చెప్పించకండి. అద్భుతంతో అప్పు తీర్చకండి. పక్క క్వార్టర్‌లో ఉండే హిందూ అత్తయ్యని చివరి భాగంలో మార్చేయడం కూడా వద్దు. ఆవిడ సంక్రాంతికి అరిసెలు పంపుతుంది, వీళ్ళు క్రిస్మస్‌కి కేకు పంపుతారు, అరిసెలు బాగుంటాయి, కేకు మాడుతుంది. అంతే.

పడకగది గురించి అడిగేవాళ్ళు గొంతు తగ్గించి అడుగుతారు. మన బైబిల్లో పరమగీతం అనే ప్రేమపాటల పుస్తకమే ఉంది, కాబట్టి సిగ్గుతో ముడుచుకుపోనక్కర్లేదు. తలుపు దాకా పాఠకుల్ని తీసుకెళ్ళండి, అక్కడ వదిలేసి పొద్దుటి కాఫీ దగ్గర మళ్ళీ కలవండి. పొద్దున అతను కాఫీలో పంచదార రెండుసార్లు వేస్తే వాళ్ళకు అర్థమవుతుంది. అతను 'మీరు' అనడం మానేసేది ఆ తర్వాతే, అదీ నలుగురిలో పొరపాటున. షాపువాడి ముందు 'నువ్వేం తీసుకుంటావ్' అనేసి నాలిక కరుచుకుంటాడు.

రాయడం అయ్యాక ఎవరికైనా పైకి చదివి వినిపించండి. అయ్యగారికి మాత్రం మొదట వద్దు, ఆయన వాక్యాలు సరిచూస్తారు, నవ్వరు. కూరగాయలు తరిగే మనిషికి వినిపిస్తే కత్తి ఎక్కడ ఆగిందో చూసుకోవచ్చు. ఆగని పేరాలు తీసేయండి. ఫోన్‌లో చదివే సీరియల్ అయితే ఒక్కో భాగం 1,200 మాటలు దాటనివ్వకండి. సంఘ పత్రికకు పంపేటట్టయితే శ్రమకాలంలో పంపకండి, ఆ నెలల్లో ఎవరూ నవ్వే మూడ్‌లో ఉండరు. అక్టోబరులో ఇచ్చేస్తే క్రిస్మస్ సంచికకు మొదటి భాగం పడుతుంది, జనవరి పెళ్ళిళ్ళ వేళకి మీ షారోన్ కూడా పెళ్ళిచూపులకు కూర్చుంటుంది.